మళ్ళీ రావద్దన్న మందు

పోయిన నెల ఒక మధ్యాహ్నం అహేరిలో మా ఇంటి ముందు ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. ముల్చేర దగ్గరి ఊరి నుంచి మహారాష్ట్ర ఎస్టీ బస్సులో వచ్చి, నలుగురినీ అడిగి ఇల్లు పట్టుకున్నానన్నాడు. "సిరొంచ కాంపౌండర్ సాబ్ బిడ్డవు నువ్వేనా అమ్మా?" అని అడిగాడు. నేనేనన్నాను. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడి రెండు చేతులూ జోడించి, "నా పడుచుతనంల మీ బాపమ్మ నాకు పసిరికల మందు పోసింది. తగ్గింది. ఆమె ఉండంగ ఈ మాట చెప్పరాదు గదా, అందుకే గిప్పుడు చెప్తున్న" అన్నాడు. మా వైపు కామెర్లను పసిరికలంటారు, నాయనమ్మను బాపమ్మ అంటారు. రోగం తగ్గిందని చెప్పడానికి నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

అసలు పని తర్వాత బయటపడింది. మనవడికి కళ్ళు పచ్చబడ్డాయట. "ఆ ఆకు నీకు ఎరుకే గదా అమ్మా?" అన్నాడు. ఎరుకే. కానీ ముందు పిల్లవాడిని దవాఖానకు తీసుకుపోయి రక్తపరీక్ష చేయించమన్నాను. చాయ్ ఇస్తే తాగాడు గానీ ముఖం చిన్నబోయింది. గ్లాసు కింద పెడుతూ, "నువ్వు కాంపౌండర్ సాబ్ బిడ్డవే అయినవ్, అవ్వ మన్మరాలివి కాలేదు" అనేసి వెళ్ళిపోయాడు. నాకు అసలే కోపం ఎక్కువ. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఒక మాటంటే రెండు మాటలు అప్పజెప్పనిదే నిద్రపట్టదు. ఆ రోజు మాత్రం ఖాళీ చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆయన అన్నది తప్పు. ఎంత తప్పో చెప్పాలంటే సిరొంచలో మా ఇంటి సంగతంతా చెప్పాలి, బస్టాండు దాకా వెంట నడిచినా అది ఒడిసే ముచ్చట కాదు.

ప్రాణహిత ఒడ్డుకు నాలుగు వీధులు ఇవతల పెంకుటిల్లు మాది. ఆ ఒక్క ఇంట్లో రెండు దవాఖానలు నడిచేవి. ముందు గది మా బాపుది. ఆయన సర్కారు దవాఖానలో కాంపౌండరు. సాయంత్రం ఇంటికి వస్తే ఆయనకంటే ముందు స్పిరిటు వాసన, ఫినాయిలు వాసన వాకిట్లోకి వచ్చేవి. ఆ రోజుల్లో రోగులు మందు పోయించుకోవడానికి సీసాలు ఎవరివి వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. చదువు రానివాళ్ళకు ఒక్కో పూటకు ఎంత తాగాలో తెలియాలి కదా, అందుకని సీసా పక్కన కాగితం పట్టీ అంటించేవారు. పట్టీ అంచుకు గాట్లు ఉండేవి, ఒక గాటు దాకా తాగితే ఒక పూట అయినట్టు. ఆదివారాలు బాపు చాప మీద కూర్చుని ఆ పట్టీలు కత్తిరించేవాడు. నేనూ అక్కా కాగితాలు మడిచి ఇచ్చేవాళ్ళం, అమ్మ మైదాపిండి జిగురు కాచి ఇచ్చేది. ఒక్క గాటు వంకరగా పడినా ఆ పట్టీ పక్కన పారేసేవాడు. "మనం గీటు తప్పు పెడితే వాడు మందు తప్పు తాగుతడు బిడ్డా" అనేవాడు.

పెరడంతా బాపమ్మది. అక్కడ మందు నూరడానికే ఒక చిన్న రోలు ఉండేది. దాంట్లో పచ్చడి నూరాలన్న ఊహ కూడా మా ఇంట్లో ఎవరికీ వచ్చేది కాదు. పసిరికలు వచ్చినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో బాపమ్మ కోసం వచ్చేవాళ్ళు. జింగనూర్ అడవి ఊళ్ళ నుంచి గోండులు నడిచి వచ్చేవాళ్ళు, నదికి అవతల కాళేశ్వరం వైపు నుంచి పడవెక్కి వచ్చేవాళ్ళు. ఆమె తెల్లవారుజామున లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా పోయి ఆకు తెంపేది. తన నీడ ఆ మొక్క మీద పడకూడదు. దాన్ని మేకపాలతో నూరి, పొద్దు పొడవకముందే పరగడుపున తాగించేది. అట్లా మూడు పొద్దులు. పత్యం సంగతైతే చెప్పనక్కరలేదు. ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు లేదు, పులుపు అసలే లేదు. మజ్జిగా మెత్తటి అన్నం, అంతే. దూరపు ఊళ్ళవాళ్ళు ఆ మూడు రోజులూ మా అరుగు మీదే ఉండేవాళ్ళు. వాళ్ళ మజ్జిగన్నం అమ్మ చూసుకునేది. బాపమ్మ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు.

అన్నిటికన్నా గట్టి నియమం ఆఖరుది. మూడో పొద్దు మందు తాగాక రోగి 'పోయొస్త' అనకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. మా గడప మళ్ళీ తొక్కకూడదు, రోగం తగ్గిందని చెప్పడానికైనా సరే. తొక్కితే విడిచిన రోగం వెంబడే తిరిగి వస్తుందని నమ్మకం. అందువల్ల మా ఊరి అంగడిలో ఒక వింత జరిగేది. బాపమ్మ కూరగాయలకు పోతుంటే ఎదురొచ్చే మనుషులు ఉన్నట్టుండి మొఖం అటు తిప్పుకునేవాళ్ళు. ఎండు మిరపకాయల వ్యాపారి మిరపకాయల్లోకి చూసేవాడు, చేపలమ్మే ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది. కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళు ఈ ముసలామె ఎవరికో ఏదో చెడుపు చేసిందనుకునేవాళ్ళు. బాపమ్మ మాత్రం మూతి బిగించి, లోపల నవ్వుకుంటూ నడిచేది. "వాడు మనోడే, తగ్గింది" అని నా చేతిని చిన్నగా నొక్కేది.

రాత్రి అన్నాల దగ్గర తల్లీకొడుకుల పంచాయితీ తప్పేది కాదు. "అవ్వా, మా దవాఖానల రిజిస్టర్ ఉంటది. ఎవలచ్చిన్రు, ఏం మందిచ్చినం, ఎప్పుడు నయమైంది, అన్ని రాసి ఉంటయ్. నీ కాడ ఏమున్నది?" అనేవాడు బాపు. బాపమ్మ ముద్ద మింగి, నీళ్ళు తాగి, తీరిగ్గా జవాబు చెప్పేది. "నీ కాడికి వచ్చినోడు దినాం వస్తడు. నా కాడికి వచ్చినోడు మళ్ల రాడు. ఎవల మందు మంచిదో నువ్వే చెప్పు కొడుకా." మేమందరం నవ్వేవాళ్ళం. బాపు కూడా నవ్వేవాడు. ఆ మాటకు ఎదురు చెప్పే తెలివి ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మది ఎటూ కాని పార్టీ. మాకు జ్వరం వస్తే పొద్దున బాపమ్మ కషాయం, సాయంత్రం బాపు గోళీ వేసేది. తగ్గాక ఇద్దరిలో ఎవరు దగ్గరుంటే వాళ్ళ మందుతో తగ్గిందనేది.

ఎప్పుడన్నా మందు పనిచెయ్యలేదన్న మాట ఎటునుంచో గాలికి వస్తే దానికీ బాపమ్మ దగ్గర జవాబు ఉండేది. "పత్యం తప్పి ఉంటరు" అనేది. అంతటితో ఆ మాట ముగిసేది. నేనూ అట్లాగే నమ్మాను. అందుకే లసుమక్క సంగతి నన్ను అంతకాలం తిన్నది.

లసుమక్క తునికాకు కోసే కాలంలో వచ్చింది. జింగనూర్ దారిలో ఏదో చిన్న ఊరు. మొగుడు లింగయ్య ఎడ్లబండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి తెచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో, తొలిచూలు, ఎనిమిదో నెల. కళ్ళు పసుపు రాసినట్టున్నాయి గానీ మాటకు ముందు నవ్వు. మూడు రోజులు మా అరుగు మీద ఉంది. నాకప్పుడు పదమూడేళ్ళు. నా తలలో పేలు చూసి, జడ బిగించి వేసి, "గింత జుట్టుంది నీకు, మీ బాపమ్మ ఏం మందు పోసిందే?" అని నవ్వించేది. రెండో రోజు మధ్యాహ్నం చప్పిడి అన్నం ముందు పెట్టుకుని ఎంతసేపటికీ ముద్ద ఎత్తలేదు. నన్ను దగ్గరికి పిలిచి, "జర ఒక్క ముక్క మామిడికాయ తొక్కు తెచ్చియ్యవా చెల్లే, నాలుక సచ్చిపోయింది" అని బతిమిలాడింది. నేను ఊరగాయ జాడీలోంచి ఒక ముక్క తీసి, కడిగి, గౌను జేబులో పెట్టుకుని పోయి ఇచ్చాను. కళ్ళు మూసుకుని చప్పరించింది. టెంక కూడా నాకే తిరిగి ఇచ్చి, కనబడకుండా పారెయ్యమంది. మూడో పొద్దు మందు తాగి, అందరిలాగే వెనక్కి చూడకుండా బండెక్కింది.

చలికాలంలో బాపు టీకాల క్యాంపుకు అటువైపు పోతుంటే, బడి సెలవని నేనూ వెంటపడి జీపెక్కాను. ఆ ఊళ్ళో చావడి దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నారు. మనుషుల్లో లింగయ్య కనబడ్డాడు. మమ్మల్ని చూసి మొఖం తిప్పుకున్నాడు. నాకు సంబరమైంది, తగ్గిందన్నమాటే కదా అని. దగ్గరికి పోయి, "లసుమక్క ఏది? పాపనా, బాబా?" అని అడిగాను. అతను నన్ను చూడలేదు. నా వెనకొచ్చి నిలబడ్డ బాపును చూసి చెప్పాడు. "పోయింది సాబ్. మీ ఇంటికాడికెంచి వచ్చిన వారానికే. కడుపుల పిలగానితోటే పోయింది." మొఖం తిప్పుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

తిరుగు ప్రయాణంలో సిరొంచ దీపాలు కనబడుతుండగా బాపు, "మీ బాపమ్మకు చెప్పకు బిడ్డా" అన్నాడు. నాకు ఆశ్చర్యమైంది. ప్రతి రాత్రీ అన్నం ముందు ఆమెను ఓడించడానికి మాట కోసం వెతుక్కునే మనిషికి ఇవాళ తిరుగులేని మాట దొరికింది, దాన్ని దాచిపెడదామంటున్నాడు. కానీ నేను ఎందుకని అడగలేదు. అడగకపోవడానికి నా కారణం నాకుంది. లసుమక్కను చంపింది నా మామిడికాయ ముక్కే అని నేను నమ్మాను. బాపు తన తల్లిని కాపాడాలనుకున్నాడు, నేను నన్ను కాపాడుకోవాలనుకున్నాను. ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి.

ఆ తర్వాత బాపు అన్నాల దగ్గర మందుల మాట ఎత్తడం మానేశాడు. కడుపుతో ఉన్న ఆడమనిషి ఎవరైనా పచ్చటి కళ్ళతో మా సందులోకి వస్తే మాత్రం, బాపమ్మ కంటబడకముందే ఎదురుపోయి దవాఖానకు మళ్ళించేవాడు. ఒకసారి దొరికిపోయాడు. బాపమ్మ వాకిట్లో నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నీ సర్కారుకు మనుషులు తక్కువ పడ్డరా, నా ఇంటిమీద పడి ఏరుకపోతున్నవ్?" అని చెడామడా తిట్టింది. బాపు తల వంచుకుని సైకిలెక్కాడు. చెప్పడానికి ఒక్క మాట చాలు, ఆ మాట చెప్పలేదు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. నేనూ చెప్పలేదు.

వానలు పడ్డాక అక్క పురిటికి వచ్చింది. ఏడో నెల దాటింది. బస్సు దిగి నడిచి వస్తుంటే దూరం నుంచే అమ్మకు అనుమానం వచ్చింది. దీపం దగ్గర కళ్ళు చూస్తే పచ్చగా ఉన్నాయి. అన్నం సయించడం లేదట, వారం నుంచి ఒకటే నిద్రట. బాపు మందుల స్టాకు తేవడానికి గడ్చిరోలి పోయి ఉన్నాడు, మూడో రోజు దాకా రాడు. బాపమ్మ అక్క తల నిమిరి, "పరేషాన్ కాకు బిడ్డా, మన ఇంట్లనే మందున్నది. రేపటి సంది మూడు పొద్దులు" అంది. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. అందరూ పడుకున్నారు. నేను అక్క పక్కనే పడుకున్నాను. ఆమె ఒంటి వేడి నాకు తగులుతూనే ఉంది.

తెల్లవారుతుండగా బాపమ్మ ఆకు తెచ్చి రోలు ముందు కూర్చుంది. మందు నూరేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. నేను పోయి ఎదురుగా కూర్చుని మాట్లాడాను. "బాపమ్మా, లసుమక్క సచ్చిపోయింది" అన్నాను. ఆమె రాయి ఆపలేదు. ఏ లసుమక్క అని కళ్ళతోనే అడిగింది. చెప్పాను. బండిలో తెచ్చారని, ఎనిమిదో నెలని, వారానికే పోయిందని, కడుపులో పిల్లవాడు కూడా పోయాడని చెప్పాను. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. ఇంకా దాచితే అక్క కూడా పోతుందన్న భయంతో తొక్కు ముక్క సంగతి కూడా కక్కేశాను. "నేనే ఇచ్చిన బాపమ్మా, పత్యం తప్పింది నావల్లనే" అన్నాను.

ఆమెకు కావలసిన జవాబు నేనే చేతికి అందించాను. పట్టుకుంటే ఆమె మందుకు మచ్చ రాదు, ఆమె పేరుకు మచ్చ రాదు, నేను కూడా ఇంకెప్పుడూ నోరెత్తను. బాపమ్మ తడి చేత్తోనే నా కళ్ళు తుడిచింది. "మామిడికాయ ముక్కకు మనిషి సావది బిడ్డా" అంది. "మీ బాపుకు ఎరుకనా?" అని అడిగింది. ఎరుకేనన్నాను. ఆ ఒక్క జవాబుకే ఆమె మొఖం వడలిపోయింది. రోట్లో ఉన్నది అట్లాగే వదిలేసి లేచింది. అమ్మను లేపి, "దాన్ని తయారు చెయ్, దవాఖానకు పోదాం" అంది. అమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆ రోజు మా ఇంట్లో జరిగినది అర్థం కావడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది.

దవాఖానలో డాక్టరు నాగపూర్ వైపు నుంచి వచ్చిన పడుచు అబ్బాయి. మరాఠీలో నాయనమ్మ అన్నట్టు బాపమ్మను ఆజీ అని పిలిచేవాడు. అక్కను చూసి, సంగతులన్నీ అడిగి, అహేరి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలన్నాడు. "నీ మందు ఇయ్యి సాబ్" అని బాపమ్మ వచ్చీరాని మరాఠీలో బతిమిలాడింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. దీనికి మా దగ్గర కూడా మందు లేదు ఆజీ అన్నాడు. మామూలు మనిషికైతే చాలాసార్లు దానంతట అదే తగ్గుతుందట, నెలలు నిండుతున్న ఆడవాళ్ళ మీదే అది పగబట్టినట్టు పడుతుందట. సెలైను పెట్టి, గంట గంటకూ చూస్తూ, ఏది ఎక్కువైతే దానికి అడ్డం పడడమే మా పని అన్నాడు. బాపమ్మ నెమ్మదిగా అడిగింది, ఇన్నేళ్ళూ నేను పోసినవాళ్ళకు తగ్గింది కదా మరి అని. ఆయన చిన్నవాడు, మెత్తగా చెప్పడం ఇంకా రాలేదు. మీరు పోయకపోయినా చాలామందికి తగ్గేదేమో అన్నాడు.

వీధి చివర కిరాణా కొట్టు ఖాదర్ చాచా తన జీపులో మమ్మల్ని అహేరి చేర్చాడు. అక్క నాలుగు రోజులు మనుషుల్ని గుర్తుపట్టలేదు. నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల, ఒక్క పూట ఊపిరి పీల్చింది. అక్క మాత్రం బతికింది. ఏది బతికించిందో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కడి నర్సులు రాత్రింబవళ్ళు ఆమె మంచం దగ్గర తిరగడం మాత్రం నేను చూశాను.

బాపు గడ్చిరోలి నుంచి నేరుగా అహేరికే వచ్చాడు. ఆసుపత్రి వరండాలో తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె తిట్టలేదు. "ఎందుకు చెప్పకపోతివిరా?" అని మాత్రం అడిగింది. "నువ్వు తట్టుకోవనుకున్న అవ్వా" అన్నాడు. "తట్టుకోకపోతే ఏమైతుండె? నాలుగు దినాలు ఏడుస్తుంటి. బువ్వ తినకపోతుంటి. గంతే గదా. నా ఏడుపు చూడలేక నువ్వు ఊకున్నవ్, గిన్ని నెలలు నేను ఎవలెవలికి పోసిన్నో ఏమో" అంది. బాపు ఆమె ఒళ్ళో తల పెట్టి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అంతకుముందు గాని, తర్వాత గాని ఆయన ఏడవగా నేను చూడలేదు.

అక్క ఇంటికి వచ్చి లేచి తిరుగుతున్నాక, బాపమ్మ నన్ను వెంటబెట్టుకుని లింగయ్య ఊరికి బయలుదేరింది. బస్సు దిగి అడవి దారిన నడిచాం. లింగయ్య పొలంలో ఉన్నాడు, అతని తల్లి ఒక్కతే ఇంట్లో ఉంది. బాపమ్మను చూసి కంగారుగా లేచి పీట వేసింది. తిట్టిపోస్తుందేమోనని నేను బాపమ్మ వెనక్కి జరిగాను. ఆమె ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. బాపమ్మ ఒక్కొక్కటే అడిగింది. ఎప్పుడు ఎక్కువైంది, నిద్ర ఎట్లా ఉండేది, మాట ఎప్పుడు తడబడింది. దవాఖానలో ఆ పడుచు డాక్టరు అడిగినవే. "మందు తాగి వచ్చిన రెండో నాడే తేడా వచ్చింది అవ్వా. పిలిస్తే పలకకపాయె. నా కొడుకు బండి కట్టిండు, మీ కాడికి తెద్దామని. నేనే వద్దన్న" అందామె. "ఎందుకు వద్దన్నవ్?" అంది బాపమ్మ. "మళ్ల గడప తొక్కద్దన్నవ్ గదా అవ్వా. తొక్కితే రోగం తిరుగుతదంటివి. అదే మందేమో, జర ఆగితే దిగుతదేమో అని బండి ఇప్పించిన." బాపమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత ఆమె మాకు జొన్నరొట్టె పెట్టింది. బాపమ్మ వద్దనకుండా తిన్నది.

ఆ యేడాది పొలం పనులు లేని రోజుల్లో బాపమ్మ ఊరూరూ తిరిగింది. తన దగ్గర మందు తాగినవాళ్ళను వెతుక్కుంటూ పోయింది. సెలవుల్లో నేనూ పోయేదాన్ని. ఆమెను చూసి జనం మొఖం తిప్పుకుని ఇళ్ళలోకి ఉరికేవాళ్ళు. "నీ సిగ్గుల పాడుగాను, నిలబడరా, తగ్గిందో లేదో చెప్పిపో!" అని ఆ ముసలామె వెంటపడడం ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. చాలామంది గుండ్రాయిలా ఉన్నారు. కొన్ని ఇళ్ళలో మనుషులు లేరు. అలాంటి ఇంటికి పోయి వచ్చిన రోజు ఆమె పెరట్లోకి పోయేది కాదు.

ఇప్పుడు నా చేతిలో ఫోను ఉంది. పొద్దున లేస్తే చాలు, చక్కెర జబ్బుకు ఏ గింజ, మోకాళ్ళకు ఏ నూనె, గుండెకు ఏ రసం అని ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. తాగితే తగ్గిందని చెప్పేవాళ్ళు చెబుతూనే ఉంటారు. తగ్గనివాళ్ళ మాట ఎక్కడా వినబడదు. పెద్ద పెద్ద ఆసుపత్రులు మాత్రం తక్కువ తిన్నాయా, గోడల మీద నవ్వుతున్న మొఖాల ఫొటోలే పెడతాయి. నేను ఆకును తిట్టను. మూడు రోజులు పని మానిపించి, నీడన పడుకోబెట్టి, మెత్తటి అన్నం పెట్టి, తల నిమిరే మనిషి దొరకడం చిన్న మందేమీ కాదు. ఆ పడుచు డాక్టరు అన్న మాటను బాపమ్మ చచ్చేదాకా ఒప్పుకోలేదు, నేనూ సగమే ఒప్పుకుంటాను. కానీ గుడ్డిగా నమ్మే మాట ఏదైనా, సూది వేసేవాడు చెప్పినా ఆకు నూరేవాడు చెప్పినా, నాకు వెంటనే కోపం వస్తుంది. ఆ కోపం నాకు బాపు నుంచి రాలేదు. ముల్చేర పెద్దాయనకు చెప్పలేకపోయిన మాట ఇదే.

బాపమ్మ మందు మానలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకు మాత్రం ఇక పోయలేదు, తానే దవాఖానకు పంపేది. మిగతావాళ్ళకు ఆఖరు నియమం తిరగేసింది. "నాలుగో నాడు మళ్ల రా. తగ్గినా రా, తగ్గకున్నా రా" అనేది. దాంతో జనం బెదిరిపోయారు. అవ్వ మందుకు బలం పోయిందని చెప్పుకున్నారు. రానురానూ అరుగు ఖాళీ అయింది. వచ్చిన కొద్దిమందీ పాత భయంతోనే తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఆమె నాలుగో నాడు పొద్దున్నుంచీ వాకిట్లో కూర్చుని సందు మొగవైపు చూసేది. పొద్దుగూకాక లేచి లోపలికి వచ్చేది.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి సందు మలుపులో ఒక నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది. నాలుగు రోజుల కిందట మందు తాగి పోయిన మనిషి. ముందుకు రాదు, వెనక్కి పోదు. కళ్ళు ఇంకా పచ్చగా ఉన్నాయి. నేను పిలిచేలోగా బాపమ్మ చూసి, చెప్పులైనా తొడుక్కోకుండా ఎదురుపోయింది. ఆ మనిషి తప్పు చేసినదానిలా తల దించుకుని, "తగ్గలే అవ్వా" అంది. బాపమ్మ మొఖం ఒక్కసారిగా వెలిగింది. ఆమెను గట్టిగా కావలించుకుని, "వచ్చినవా తల్లీ, మంచిగ చేసినవ్, వచ్చినవ్" అని, ఆమె చెయ్యి పట్టుకుని అటునుంచి అటే దవాఖాన దారి పట్టింది.